టమాటా లారీలో మా కాపురం

నేను గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. టిక్కీలు లెక్క చూసి లారీలకెక్కించి పంపడం నా పని. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కి నోరు కుట్టిన గోతాం. సీజన్లో ఒక్క పూటలో ఎన్ని లారీలు నా చేతి మీదుగా ఊళ్లు దాటి పోతాయో నాకే గుర్తుండదు. అలాంటివాడికి ఒక మంచం, ఒక బీరువా, నాలుగు గిన్నెలు ఇంకో ఊరికి చేర్చడం ఎంత పని? పోయినేడు వేసవి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

సామాన్లు కదిలించాల్సి రావడానికి కారణం మా అమ్మాయి. దానికి ఉబ్బసం. నాలుగో ఏట మొదలైంది. సంక్రాంతి దాటి కొత్త కాయ యార్డుకు రావడం మొదలవగానే దాని గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. ఎండలు ముదిరి యార్డుకు సెలవులిచ్చేదాకా మందులూ, ఆవిరీ, ఆసుపత్రీ. మా ఇల్లు యార్డుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. డాక్టరు గారు చాలాసార్లు మెల్లగా చెప్పి చూసి, చివరికి ఒకరోజు విసుక్కున్నారు. మందులు ఆయన ఇవ్వగలరట, గాలి మాత్రం మేమే మార్చుకోవాలట.

నాకు కోపం వచ్చింది. మాది దర్శి దగ్గర పల్లె. మా నాన్న మిరప వేసేవాడు. కల్లంలో ఎర్రగా ఆరబోసిన కాయల పక్కనే మేం అన్నదమ్ములం ఆడుకున్నాం, అక్కడే అన్నాలు తిన్నాం, కాయకు కాపలాగా అక్కడే పడుకున్నాం. మాలో ఒక్కడు తుమ్మిన పాపాన పోలేదు. నా కూతురికి మిరపకాయ పడకపోవడమేమిటని ఇంటికొచ్చి మా ఆవిడ మీద విరుచుకుపడ్డాను. వాళ్లది పొన్నూరు. మీ వరి చేల రక్తం వల్లే ఇదంతా అని వేళాకోళం చేశాను. ఆమె నవ్వలేదు.

ఆ ఏడాది పిల్లకు బళ్లోనే ఆయాసం వచ్చింది. నేను వెళ్లేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికొచ్చాక మా ఆవిడ తానే ఒక నిర్ణయానికి వచ్చింది. వాళ్లక్క మదనపల్లెలో ఉంటుంది. ఊపిరితిత్తుల జబ్బులకు ఆ ఊరి గాలి మంచిదని పాతకాలం నుంచీ పేరు. రెండు బ్యాగులు సర్ది, పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. గొడవపడి కాదు, వేరే దారి లేక. నేను అద్దె ఇల్లు ఖాళీ చేసి కొట్టు పైన గదిలోకి మారాను.

అప్పుడే సామాన్లు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఊళ్లో ఎక్కడ గది తీసుకున్నా నెలనెలా అద్దె. మా షావుకారు మంచివాడు. గోడౌన్‌లో చెక్కలతో కట్టిన అటక ఖాళీగానే ఉందిగా, అక్కడ పడెయ్యమన్నాడు. అద్దె లేదు, ఎలుకలు లేవు, వాన చుక్క పడదు. ఘాటుకు చెద కూడా దగ్గరికి రాదని నేనే గొప్పగా మా ఆవిడకు ఫోన్లో చెప్పాను. మంచం, పరుపు, దిండ్లు, బీరువా, కుట్టు మిషను, పిల్ల చదువుకునే బల్ల, అన్నీ పైకెక్కించి టార్పాలిన్ కప్పాను. వాటి కింద టిక్కీలు వచ్చేవి, పోయేవి. అలా పద్నాలుగు నెలలు గడిచాయి.

ఇది చదివేవాళ్లకు ఈపాటికే విషయం అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. అమాయకత్వం నటిస్తున్నానని అనుకోకండి. యార్డు వీధిలోకి కొత్తగా వచ్చినవాణ్ణి మేం దూరం నుంచే పోల్చుకుంటాం. వాడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటాడు, కళ్లు తుడుచుకుంటాడు, నాలుగు తుమ్ములు తుమ్ముతాడు. వాణ్ణి చూసి నవ్వుకుంటాం. మాకు అది వాసన కాదు. పుట్టినప్పటి నుంచీ పీల్చిన గాలి. ఉన్నట్టే తెలియదు.

మదనపల్లెలో పిల్లకు ఆయాసం తగ్గింది. మొదట మందులు సగమయ్యాయి, తర్వాత ఆయాసానికి నోట్లో కొట్టుకునే స్ప్రే కూడా ఎప్పుడో ఒకసారి. బడిలో ఆటల పోటీల్లో పరుగు పందెంలో ఉరికింది. మా ఆవిడ ఆ వీడియో పంపితే కొట్టులో అందరికీ చూపించాను. నాలుగో స్థానం వచ్చింది, అయినా చూపించాను. నా కూతురు పరిగెత్తడం అంతకు ముందు నేను చూడలేదు.

అక్కగారింట్లో ఎన్నాళ్లని ఉంటారు. మా ఆవిడకు అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికింది. రెండు గదుల పోర్షను అద్దెకు తీసుకుంది. యార్డుకు వేసవి సెలవులివ్వగానే సామాన్లు తెచ్చెయ్యమంది. సామాన్లతో పాటు నన్నూ వచ్చెయ్యమంది. అక్కడ పెద్ద టమాటా మార్కెట్టు ఉంది కదా, గుమస్తా పని దొరక్కపోదని ఆమె ఆశ. పిల్ల రోజూ ఫోన్లో ఒకటే అడిగేది, మంచం ఎప్పుడొస్తుంది, నువ్వెప్పుడొస్తావు అని. ఆ రెండూ దాని నోట్లో ఒకే మాటగా వచ్చేవి. ముగ్గురం మళ్లీ ఒక కప్పు కింద ఉండాలంటే ఆ సామాన్లు ఊరు దాటాలి. అంతే నాకు కావలసింది.

కాలికి బలపం కట్టుకుని తిరిగాను. ముందు సామాన్లు ప్యాక్ చేసి చేరవేసే కంపెనీవాడిని పిలిచాను. వాడు ఫోన్‌తో ఫొటోలు తీసుకుని ఒక రేటు చెప్పాడు. సామాన్లు చేరుస్తావా, నా దగ్గర కొంటావా అని అడిగాను. రైల్వే పార్సిల్ ఆఫీసులో ప్రతి వస్తువూ గోతాంలో కుట్టి మేమే తెచ్చి అప్పగించాలన్నారు. నేరుగా వెళ్లే బండి లేదు, మధ్యలో మారాలి, పైగా అక్కడ స్టేషను ఊరికి దూరం. బస్సు కార్గోలో మిక్సీ, కుక్కరు అయితే సరేనన్నారు, బీరువా పేరెత్తగానే ఆ గుమస్తా తల పక్కకు తిప్పుకున్నాడు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్లు కొద్ది సరుకు కూడా తీసుకుంటారు గానీ లారీ ఎప్పుడు నిండితే అప్పుడు కదులుతుంది. ఎప్పుడు నిండుతుందని అడిగితే నా మొహం చూసి నవ్వారు. అదే నవ్వు నేను రైతుల ముందు ఎన్నిసార్లు నవ్వానో.

పోనీ ఇక్కడే అమ్మేసి అక్కడ కొనుక్కుందామని పాత సామాన్లవాణ్ణి తీసుకొచ్చి చూపించాను. మా పెళ్లికి కొన్న బీరువాను వాడు ఇనుము తూకానికి అడిగాడు. వాణ్ణి అటక దిగమన్నాను.

చివరికి కూరగాయల మార్కెట్లో పనిచేసే స్నేహితుడొకడు దారి చెప్పాడు. మదనపల్లె నుంచి మా ఊరికి టమాటా లారీలు వస్తాయి. సరుకు దించి ఖాళీ బాక్సులతో తిరిగి వెళతాయి. డ్రైవరుకు డీజిలు ఖర్చులో కొంత వస్తే చాలు, ఏదైనా వేసుకుపోతాడు. ఇది నాకు ముందే తట్టనందుకు సిగ్గేసింది. రిటర్న్ లోడ్ అన్న మాట వింటూనే బతికినవాణ్ణి. నా సామాను దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాను. బేరం కుదిరాక మా ఆవిడకు ఫోన్ చేసి కంపెనీవాడు అడిగిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదని మీసం మెలేశాను.

మీరెంత గట్టివారో నాకు తెలుసులెండి అని ఆమె నవ్వింది. పరుపూ దిండ్లూ బాగా ఎండలో పెట్టి దులిపి మరీ కట్టమంది. దుప్పట్లు ఉతికించమంది. సరేనన్నాను.

మా దగ్గర సామాను కట్టే పద్ధతి ఒకటి ఉంది. అట్టపెట్టెలు, బుడగల కాగితాలు మాకు తెలియవు. ఖాళీ గోతాలు, పురికొస, దబ్బనం. మా ముఠా మేస్త్రి చేతికి దబ్బనం ఇస్తే ఏనుగునైనా గోతాంలో పెట్టి కుట్టేస్తాడు. కొట్టులో ఖాళీ గోతాలకు కొదవ లేదు. ఒక్కొక్కటి రెండుసార్లు దులిపించాను. మంచం కోళ్లకు చుట్టాం, బల్లకు చుట్టాం, బీరువాకు నాలుగు పక్కలా చుట్టి కుట్టాం. గీత పడకుండా దిండ్లు మధ్యలో కుక్కాం. పరుపు ఎండబెట్టమంది కదా, ఎండబెట్టాను. కొట్టు ముందు ఖాళీ స్థలంలో పట్టా పరిచి రంగు పోయిన తాలు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండ బాగా పడేది అక్కడే. కాయల్ని ఒక పక్కకు నెట్టించి పరుపు అక్కడే వేశాను. రెండు రోజులు ఎండింది. కర్రతో నేనే దగ్గరుండి దులిపాను. ఆ రోజు ఆ పరుపు పక్కన నిలబడి, పిల్లకు మెత్తగా ఉంటుందని సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెయ్యి నాకే విరిచెయ్యాలనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరాం. క్యాబిన్లో డ్రైవరూ నేనూ, వెనక ఖాళీ బాక్సుల మీద మా కాపురం. డ్రైవరు మదనపల్లె దగ్గర పల్లెవాడు, కలుపుగోలు మనిషి. వినుకొండ దాటాక టీ తాగడానికి ఆపి, తాళ్లు బిగించి వస్తానని వెనక్కి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆపకుండా తుమ్ముతున్నాడు.

"ఏం కట్టినావన్నా మూటల్లో? మిరక్కాయలు గానీ దాచినావా?" అన్నాడు.

గుంటూరు సామాను, ఆ మాత్రం ఉండదా అన్నాను. నిజం చెప్పాలంటే గర్వంగానే అన్నాను. గిద్దలూరు దగ్గర మళ్లీ తుమ్మాడు. నేను మళ్లీ వేళాకోళం చేశాను. టమాటాలు మోసే ముక్కు కదా, సుకుమారం అన్నాను. ఆ మనిషి నాకు రెండుసార్లు చెప్పాడు. ఇంకా ఎలా చెప్పాలి?

పొద్దున్నే మదనపల్లె చేరాం. ఊరు చల్లగా ఉంది. లారీ శబ్దం వినగానే పిల్ల గేటు తీసుకుని పరిగెత్తుకొచ్చింది. పొడుగైంది, బుగ్గలొచ్చాయి. రెండు చేతులతో ఎత్తుకున్నాను. నా మెడ మీద మొహం పెట్టి, వెంటనే తీసేసి దగ్గింది. ప్రయాణం దుమ్ము అన్నాను.

మా ఆవిడ వెనకాలే వచ్చింది. గోతాలు చూసి ఆగిపోయింది. ఇవేంటండీ, ఇందులో కట్టారా అని అడిగింది. దులిపించానన్నాను. ఆమె పిల్లను పైన ఇంటివాళ్ల దగ్గరికి పంపేసింది. వాకిట్లో చెత్త వెయ్యొద్దని ఇంటాయన ముందే చెప్పాడు కాబట్టి మూటలన్నీ గదిలోకి తెచ్చి అక్కడే కోశాం. గోతాలు విప్పుతుంటే నేల మీద గింజలు రాలాయి. గచ్చు మీద ఎర్రగా పొడి. మా ఆవిడ కొంగు ముక్కుకు కట్టుకుని ఊడ్చింది, తడిగుడ్డ పెట్టింది. నేను ఈలోపు మంచం బిగించేశాను. పరుపు వేశాను, ఉతికిన దుప్పటి పరిచాను. చెమటలు పడుతున్నాయని ఫ్యాను వేశాను.

పిల్ల పైన ఎంతసేపని ఉంటుంది. మంచం వచ్చిందని తెలుసు. మా ఆవిడ బకెట్టు పారబోయడానికి పెరట్లోకి వెళ్లిన నిమిషంలో మెట్లు దిగి వచ్చింది. నేను చూశాను. చూసి, రమ్మని చెయ్యి చాపాను. దాని ఆనందం నా కళ్లతో చూడాలని పద్నాలుగు నెలల నుంచి ఎదురుచూస్తున్నాను. మంచమెక్కి గెంతింది. పరుపు మీద బోర్లా పడి దిండును కావలించుకుంది.

పది నిమిషాలు పట్టలేదు. ముందు దగ్గు, తర్వాత ఆ పిల్లికూత. కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం పెనుగులాడింది. స్ప్రే కొట్టాం, మళ్లీ కొట్టాం, తగ్గలేదు. నేను ఎత్తుకుని ఆటో దగ్గరికి పరిగెత్తాను. నా గుండెకు ఆనించుకుంటే దానికి ధైర్యంగా ఉంటుందనుకున్నాను. ఆటోలో ఇంకా ఎక్కువైంది. మా ఆవిడ నా చేతుల్లోంచి పిల్లను లాక్కుంది.

"మీరు ముందు కూర్చోండి. ఆ చొక్కాతో దాని దగ్గరికి రావద్దు," అంది.

అప్పుడు అర్థమైంది నాకు. నేను తొడుక్కున్న చొక్కా మూటలు కుట్టేటప్పుడు వేసుకున్నది. దాంతోనే లారీ ఎక్కాను. దాంతోనే పిల్లను ఎత్తుకున్నాను. ఆటో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడటానికి కూడా భయమేసింది. నా కూతురు ఊపిరి తీస్తున్న చప్పుడు వెనక నుంచి వినిపిస్తోంది, నేను చెయ్యగలిగింది దానికి దూరంగా జరగడం ఒక్కటే.

ఆసుపత్రిలో మాస్కు పెట్టి మందు పట్టారు, సూదులిచ్చారు, ఉంచమన్నారు. ఇంట్లో కొత్తగా ఏమైనా మారిందా అని డాక్టరమ్మ అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. సామాన్లు వచ్చాయని చెప్పాను. ఎక్కడి నుంచి అంటే గుంటూరు అన్నాను. నేను గది బయట బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా ఉన్న కొట్లో ఒక ప్యాంటూ చొక్కా కొనుక్కుని, ఆసుపత్రి కుళాయి దగ్గర తల మీద నీళ్లు పోసుకుని, పాత బట్టలు చెత్తకుండీలో వేశాను. అప్పుడు కూడా గుమ్మం దాటి లోపలికి వెళ్లే ధైర్యం రాలేదు.

రెండు రోజులు వాళ్లు అక్కడ ఉంటే నేను ఇల్లు కడిగాను. పరుపూ దిండ్లూ మొదటి రోజే బయటపడేశాను. మంచం సబ్బునీళ్లతో రుద్దాను. బీరువా లోపల అరలన్నీ తీసి కడిగి ఎండబెట్టాను. మా ఆవిడ బట్టలకోసం వచ్చినప్పుడు బీరువా తెరిచి చూపించాను. ఇంకా వస్తోందండీ అంది. తల లోపల పెట్టి గట్టిగా పీల్చాను. నాకు ఏమీ రాలేదు. మళ్లీ కడిగాను. సాయంత్రం ఆమె మళ్లీ తెరిచి చూసి, తల అడ్డంగా ఊపింది.

అంత నిస్సహాయంగా నేనెప్పుడూ లేను. మురికి కనపడితే కడుగుతాం. వాసన తెలిస్తే అది పోయేదాకా రుద్దుతాం. నాకు కనపడదు, తెలియదు. గుడ్డివాడికి గది తుడవమని ఇచ్చినట్టుంది నా పని. నాకు జీవనాధారమైన ముక్కు, కాయ చూడకుండానే రకం చెప్పే ముక్కు అని కొట్టులో పేరున్న ముక్కు, నా కూతురి గది దగ్గర ఎందుకూ పనికిరాలేదు. చివరికి చేతులెత్తేశాను. గిన్నెలు, కుక్కరు తప్ప మిగతావన్నీ టమాటా మార్కెట్లో హమాలీలకు ఇచ్చేశాను. బీరువాను ఇద్దరు మోసుకుపోతూ తుమ్మారు. ఆ తుమ్ము విని ఈసారి నాకు నవ్వు రాలేదు.

పనికోసం కూడా తిరిగాను. మా తోడల్లుడు తనకు తెలిసిన మండీల్లో అడిగించాడు. ఏం వచ్చని అడిగారు. మిర్చి వచ్చన్నాను. సీజను నడిమధ్యలో కొత్త మనిషిని పెట్టుకోలేమని మర్యాదగానే చెప్పారు. మా ఆవిడ జీతంతో అద్దె, పిల్ల మందులు గట్టెక్కవు. సెలవులు అయిపోయాయి. యార్డు తెరుస్తున్నారు, రమ్మని షావుకారు ఫోన్ చేశాడు. మా ఆవిడ వెళ్లొద్దనలేదు, వెళ్లమనీ అనలేదు. నా కొత్త బట్టలు మడతపెట్టి, ఒక ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఇక్కడికి వచ్చేటప్పుడు బస్టాండులో స్నానం చేసి ఇవి వేసుకు రండి అని చెప్పింది. చెప్పేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంది. నేనూ ఏడ్చాను.

బయల్దేరే రోజు పిల్ల చాప మీద కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. మొహం పీక్కుపోయింది గానీ ఊపిరి మామూలుగా ఉంది. నేను గుమ్మంలోనే కూర్చున్నాను. అదే లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. మంచం పోయినందుకు ఏడుస్తుందేమో, ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. అది నన్ను ఓదార్చడానికి వచ్చిందని నాకు తెలియలేదు.

"నాన్నా, నువ్వొచ్చే ముందు రోజు ఫోన్ చెయ్యి. నేను స్ప్రే కొట్టుకుని రెడీగా ఉంటా," అంది.

అలాగే తల్లీ అన్నాను. ఆ తర్వాత ఇప్పటికి ఏడుసార్లు వెళ్లాను. ఏడుసార్లూ ముందు రోజు ఫోన్ చేశాను.